మూడు తాళ్ల కొబ్బరి చెట్టు

ఏలూరులో తమ్మిలేరు దాటాక, తంగెళ్ళమూడి వైపు, తివాచీలు నేసే ఇళ్లు కొన్ని ఉండేవి. చాంద్ బాషా ఇల్లు వాటిలో చివరిది. పడమటి పక్కన ఒక పెంకుటి గది, దాన్ని ఆనుకుని వంట వసారా. తూర్పు పక్కన తాటాకు కప్పిన మగ్గం పాక. రెంటికీ నడుమ చిన్న దొడ్డి, ఆ దొడ్డి మధ్యలో ఒక కొబ్బరి చెట్టు.

చాంద్ బాషా అప్పటికి ముప్పై ఆరేళ్లవాడు. సన్నటి మనిషి, మెడ కాస్త ముందుకు వంచి నడిచేవాడు. మగ్గం ముందు కూర్చుంటే అతని వేళ్లు పడుగు దారాల మధ్య ఎటు పోయి ఎటు వస్తున్నాయో చూసేవాళ్లకు అందేది కాదు. మగ్గం దిగితే మాత్రం ఆ చేతులకు స్థిమితం ఉండేది కాదు. పొయ్యి ఆరిందో లేదో రెండుసార్లు చూసేవాడు. బావి మీద చెక్కమూత వేశారో లేదో మూడుసార్లు చూసేవాడు. ఆకాశంలో తూర్పున కాస్త మబ్బు కనిపిస్తే పని ఆపేసి పాక గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయేవాడు. వీధిలో వాళ్లు దాన్ని అతి జాగ్రత్త అనుకునేవారు. భార్య కమరున్నీసా మాత్రం అది జాగ్రత్త కాదని, భయమని పెళ్లయిన మొదటి ఏడే కనిపెట్టింది. దేనికి భయమో ఆమెకు తెలియదు. అడిగితే అతను నవ్వి, "ఏం లేదులే" అనేవాడు.

అతను పుట్టింది కైకలూరు దగ్గర, కొల్లేటి అంచున ఒక ఊళ్లో. తండ్రి దూది ఏకుతూ ఆ చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాడు. పూరిల్లు, ఇంటి వెనక ఒక పాత కొబ్బరి చెట్టు. చాంద్ బాషాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక గాలివాన వచ్చింది. తెల్లవారుజామున ఇంట్లో అందరూ మేలుకునే ఉన్నారు. అతని పక్క మీద చూరు కారుతోంది. "అక్కా, నా వైపు కారుతోందే" అన్నాడు. పన్నెండేళ్ల అక్క సఫియా లేచి, "నువ్వు ఇటు రా, నేను అటు పడుకుంటాను" అని చోటు మార్చుకుంది. కొంచెంసేపటికి చెట్టు కూలింది. అది పడింది అతను అంతవరకూ పడుకున్న చోటు మీద.

పన్నెండేళ్ల వయసు దాటాక చాంద్ బాషా ఏలూరు వచ్చి, మేనమామ దగ్గర తివాచీ నేత నేర్చుకుని, ఇక్కడే స్థిరపడ్డాడు. అక్క గాలివానలో పోయిందని మాత్రం పెళ్లయ్యాక కమరున్నీసాకు చెప్పాడు. చోటు మార్చుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

కమరున్నీసాది తాడేపల్లిగూడెం. వాళ్ల నాన్నగారి దొడ్లో ఏడు కొబ్బరిచెట్లు. వాటి నీడనే గిన్నెలు తోమి, వాటి ఆకులతోనే చీపుళ్లు కట్టి పెరిగింది. పంతొమ్మిది వందల ముప్పైలో పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వెళ్లి, బిడ్డకు అయిదో నెలలో తిరిగి వచ్చినప్పుడు ఆమె రైలు దిగడం చూసి చాంద్ బాషా ముందు సంతోషించాడు. ఆమె చంకలో పాప పర్వీన్ ఉంది. రెండో చేతిలో తడిగోనెలో చుట్టిన మొలకెత్తిన కొబ్బరికాయ ఉంది. అది చూశాక అతని ముఖం మారింది.

"దొడ్డి ఖాళీగానే ఉంది కదండీ. పాప పెరిగేసరికి ఇదీ పెరుగుతుంది" అంది కమరున్నీసా.

వద్దని అనడానికి అతనికి కారణం దొరకలేదు. దొరికినా ఆ కారణం చెప్పలేడు. మర్నాడు పొద్దున గునపం తీసుకుని దొడ్డి మధ్యలో గొయ్యి తవ్వాడు. కొబ్బరి మొక్కకు నడుం లోతు గొయ్యి తీయాలని అతనికి తెలుసు. వాళ్ల నాన్న ఆ మాట అనడం చిన్నప్పుడు విన్నాడు. అయినా జానెడు లోతు దగ్గర ఆపేశాడు. కమరున్నీసా వచ్చి చూసి, "ఇంతేనా అండీ?" అంది.

"ఇక్కడ లోతు తీస్తే నీళ్లు ఊరతాయి. మొక్క కుళ్లిపోతుంది" అన్నాడు.

ఆమె నమ్మింది. అతను ఆ కాయని పైపైన పెట్టి మట్టి కప్పాడు. ఇది బతకదు, రెండు ఎండాకాలాలు చాలు అని లోపల అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా గొయ్యి మళ్లీ తవ్వలేదు.

మొక్క బతికింది. బియ్యం కడిగిన నీళ్లు, బావిదగ్గర పారబోసిన నీళ్లు అన్నీ కమరున్నీసా దానికే పోసేది. ఆరేళ్లకు మాను మనిషెత్తుకు వచ్చింది. మట్టలు గది పెంకుల మీద నీడ వేశాయి. పర్వీన్ కింది మట్ట పట్టుకుని ఊగడం నేర్చుకుంది.

ముప్పై ఆరులో వానాకాలం వెళ్లిపోతుండగా ఒక పొద్దున చాంద్ బాషా పాకలోంచి చూస్తున్నాడు. పర్వీన్ మట్ట పట్టుకుని ఊగుతోంది. పిల్ల అటు ఊగినప్పుడల్లా చెట్టు మొదట్లో నేల మీద ఒక బీట తెరుచుకుంటోంది. ఇటు ఊగితే మూసుకుంటోంది. అతను చేతిలో ఉన్ని వదిలేసి పరుగెత్తి పిల్లను దింపాడు. రెండు చేతులతో మానుని నెట్టాడు. చెట్టు మొత్తం, మొదలుతో సహా, కదిలింది. మొదలు నేలలో ఉండాల్సింది పోయి జానెడు పైకి ఉబికి వచ్చింది. చుట్టూ వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. మాను పడమటికి, తాము ముగ్గురూ పడుకునే గదివైపుకే, ఒరిగింది. ఇన్నాళ్లూ రోజూ చూస్తూ కూడా అతను ఇది చూడలేదు. అసలు ఆ చెట్టువైపు సరిగా చూసే అలవాటే అతనికి లేదు.

"కొట్టించేద్దాం" అన్నాడు ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర.

కమరున్నీసా గరిటె పక్కన పెట్టింది. "ఏవండీ, ఇంకో ఏడాదికో రెండేళ్లకో కాపుకొస్తుంది."

"ఒరిగింది, చూశావా?"

"చూశానండి. ఒరిగితే నిలబెట్టుకోవాలి గాని కొట్టేస్తారా? మా నాన్నగారు ఇలాంటివి రెండు నిలబెట్టారు. ఎలా చేశారో నాకు గుర్తు లేదు. ఎవరినైనా అడగండి."

"కార్తీకం వస్తోంది. గాలులు మొదలవుతాయి."

"అయితే తొందరగా అడగండి" అంది ఆమె. ఆ మాటలో కోపం లేదు. కాని ఆమె మరి అన్నం వడ్డించుకోకుండా లేచి వెళ్లిపోయింది.

ఆ వారం అతను పాప పక్కని గదిలో తూర్పు గోడ దగ్గర్నుంచి పడమటి గోడ దగ్గరికి మార్చాడు. రెండు రోజుల తరవాత మళ్లీ వసారాలోకి మార్చాడు. చెట్టు కూలితే మట్టలు ఎంతవరకూ వస్తాయో దారంతో కొలిచి చూశాడు. అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్లి మొదట్లో బీటలో వేలు పెట్టి చూసేవాడు. మగ్గం మీద ఎర్ర పువ్వు రావలసిన చోట రెండుసార్లు నీలం ముడి పడింది. అతని చేతిలో అలాంటి తప్పు రావడం కమరున్నీసా అంతకుముందు చూడలేదు.

వట్లూరు రైతు గంగరాజు నెలకోసారి బండి మీద జనపనార తెచ్చి ఆ వీధిలో వేసి వెళ్లేవాడు. యాభై ఏళ్ల మనిషి, సొంతానికి వరిచేను, గట్ల మీద అరవై కొబ్బరిచెట్లు ఉన్నవాడు. ఆయన వచ్చిన రోజు చాంద్ బాషా దొడ్లోకి పిలిచి చూపించాడు.

గంగరాజు కండువా నడుముకు బిగించి, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. గొంతుక్కూర్చుని వేళ్ల కింద చెయ్యి పెట్టి తడిమాడు. మట్టల నడుమ మొవ్వులోకి తొంగి చూశాడు. పురుగు ఏమీ లేదు.

"చెట్టు దివ్యంగా ఉందండి సాయిబు గారూ. మొదలే పాడైంది. ఈ గొయ్యి ఎవరు తీశారండి?"

చాంద్ బాషా మానుకి అంటిన మట్టి దులపసాగాడు. కమరున్నీసా వసారాలో నిలబడి వింటోంది.

"కూలోడెవడో పని తొందర్లో గీకి పోయుంటాడు. దీనికి నడుం లోతు తీసి, మొక్క పెరిగేకొద్దీ మట్టి పూడ్చుకుంటా రావాలండి. ఇదేమో నేల మీద కూర్చోబెట్టినట్టుంది" అన్నాడు గంగరాజు.

"లోతు తీస్తే నీళ్లు ఊరతాయని..." అంది కమరున్నీసా.

"ఇక్కడెక్కడి నీళ్లమ్మా? మీ బావిలో నీళ్లు ఎంత లోతుకి దిగాయో చూడండి."

ఆమె భర్తవైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు.

గంగరాజుకు అదేమీ పట్టలేదు. ఏం చెయ్యాలో చెప్పి, నాలుగు రోజుల్లో బండి మీద తాళ్లు, మేకులు తెస్తానని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వెలుగుండగానే చాంద్ బాషా వసారాలో భార్య ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ఉన్ని చిక్కు తీస్తోంది.

"ఆ గొయ్యి అలా తీసింది కావాలనే" అన్నాడు. "బతక్కపోతే బాగుండని తీశాను."

ఆమె చేతులు ఆగాయి. అతను కైకలూరు దగ్గర ఇల్లు, చూరు కారడం, సఫియా లేచి చోటు మార్చుకోవడం, చెట్టు పడడం అన్నీ చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఎవరితోనూ అననివి కావడంతో మాటలు ఒకదాని తరవాత ఒకటి సరిగా రాలేదు. ఒకటి రెండుసార్లు మళ్లీ మొదటికి వెళ్లి చెప్పాడు.

కమరున్నీసా ఉన్ని పక్కన పెట్టేసింది.

"మీ అక్క సంగతి ముందే చెప్పి ఉంటే నేను ఆ మొక్క తెచ్చేదాన్నే కాదు కదండీ" అంది. "చెప్పకుండా ఊరుకున్నారు. నేను ఆరేళ్లు నీళ్లు పోశాను. పిల్ల దాని కిందే ఆడింది. మీరు అలా తవ్వబట్టే కదా అది ఇవాళ పిల్ల మీదికి ఒరిగింది?"

"అవును" అన్నాడు అతను.

ఆ తరవాత మూడు రోజులు ఆమె అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ అతనికి చెట్టు కన్నా ఎక్కువ బరువయ్యాయి. అయితే గంగరాజు తాళ్లు తెచ్చిన రోజు పొద్దున్నే ఆమె తట్ట తీసుకుని, కొంగు బిగించి, తమ్మిలేరులోంచి ఇసుక తేవడానికి అతనికంటే ముందు బయల్దేరింది.

పని అయిదు రోజులు పట్టింది. మొదట చెట్టు మొదలు చుట్టూ నీళ్లు పోసి నేల మెత్తబరిచారు. మానుకి మనిషి ఛాతీ ఎత్తున మూడు కొబ్బరిపీచు తాళ్లు కట్టాలి. తాడు ఒత్తుకుంటే మాను తోలు లేస్తుందని, గోనెపట్ట చుట్టమన్నాడు గంగరాజు. చాంద్ బాషా పాకలోకి వెళ్లి, నేతలో చెడిపోయి మూలన పడి ఉన్న తివాచీ ముక్క ఒకటి తెచ్చాడు. నూలు పడుగు, మందపాటి ఉన్ని. దాన్ని మానుకి రెండు చుట్లు చుట్టి దాని మీద తాళ్లు వేశారు.

"ఒక్కసారే నిలబెట్టకూడదండి. వేళ్లు తెగిపోతాయి. రోజుకి జానెడు చొప్పున లాక్కోవాలి" అన్నాడు గంగరాజు.

అలాగే నాలుగు రోజులు లాగారు. తాడు లాగుతున్నంతసేపూ చాంద్ బాషాకు నేల కింద ఏదో చిటుక్కుమన్నట్టు వినిపించేది. ఆగిపోయేవాడు. "అది వేరు కాదండి, తాడు ముడి సర్దుకుంటంది" అనేవాడు గంగరాజు. అయిదో రోజుకి మాను నిటారు కాకపోయినా దాదాపు నిలబడింది. తూర్పుకు రెండు, ఈశాన్యానికొకటి ఆగ్నేయానికొకటి, పడమటికి ఒకటి, మూడు తాళ్లనూ నేలలో దిగేసిన మేకులకు కట్టారు. మొదలు చుట్టూ పగిలిన పెంకులు గుండ్రంగా పేర్చి, లోపల ఒండ్రుమట్టి, ఇసుక కలిపి రెండు జానల ఎత్తున పోసి కాళ్లతో తొక్కారు.

"ఇంతకు మించి మట్టి పోయకండి, మొదలు కుళ్లిపోద్ది. వేళ్లు కొత్త మట్టిలోకి దిగడానికి ఏడాది పైనే పడుద్ది. తాళ్లకి నాలుగు వేళ్ల సందు వదలండి."

"సందెందుకండి? బిగించేస్తే కదలదు కదా" అన్నాడు చాంద్ బాషా.

"కదలాలండి. కాస్త ఊగితేనే అది వేరు వేస్తది. కట్టేసినట్టు కడితే తాడు మీద ఆనుకుని సోమరైపోద్ది. అయినా మీకు అంత భయమెందుకండి? ఇప్పుడు ఇది పడితే నాలుగు పెంకులు పగులుతాయి, అంతేగా."

చాంద్ బాషా తలూపాడు. గంగరాజు బండి సందు మలుపు తిరగ్గానే వెళ్లి మూడు తాళ్లూ బిగించాడు.

మర్నాడు కమరున్నీసా వాటిని వదులు చేసింది. ఆ మర్నాడు అతను మళ్లీ బిగించాడు. ఆమె మళ్లీ వదులు చేసింది. దాని గురించి ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. పదో రోజున ఆమె ముడి విప్పుతుండగా అతను వచ్చాడు.

"మీరు బిగించినకొద్దీ మేకులు పైకి లేస్తున్నాయండి. చూడండి" అంది.

చూశాడు. మేకు పక్కన నేల నెర్రె విచ్చింది. ఆ రోజు నుంచి అతను తాళ్లు ముట్టుకోవడం మానేశాడు. చూడడం మాత్రం మానలేదు.

కార్తీకం మధ్యలో ఒక ఉదయం తుంపరతో మొదలైంది. ఎనిమిది గంటలకు ఈశాన్యం నుంచి గాలి పట్టింది. పదింటికి వీధిలో ఎవరూ లేరు. తమ్మిలేరు వైపు తుమ్మకొమ్మలు విరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. చాంద్ బాషా గదిలోంచి భార్యనూ పిల్లనూ తీసుకుని దొడ్డి దాటించి మగ్గం పాకలోకి తెచ్చాడు. చెట్టు కూలితే గది మీదికే కూలుతుంది. పాకకు ఆ ప్రమాదం లేదు.

మగ్గం మీద దాదాపు పూర్తయిన తివాచీ ఉంది. రెండు నెలల పని. ఇంకో వారంలో కోసి దించాలి. ముగ్గురూ దాని పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నారు. పాక గుమ్మంలోంచి చెట్టు కనిపిస్తోంది. మట్టలన్నీ పడమటివైపుకు దువ్వినట్టు వాలిపోయాయి. గాలి విసిరినప్పుడల్లా తూర్పు తాళ్లు రెండూ బిగిసి, మళ్లీ సడలుతున్నాయి. 

"నాన్నా, నా మీద కారుతోంది" అంది పర్వీన్.

చాంద్ బాషా ఉలిక్కిపడి పిల్లవైపు తిరిగాడు. చూరులోంచి నీళ్లు నిజంగానే ఆమె భుజం మీద పడుతున్నాయి. అతను కదలలేకపోయాడు. కమరున్నీసాకు అర్థమైంది. ఆమె పిల్లను లేపి, అతని ఒడిలో కూర్చోబెట్టి, తను పక్కనే కూర్చుంది. పిల్లకు కారడం తగ్గింది. అతను రెండు చేతులతో పిల్ల తలను కప్పి ఉంచాడు.

పన్నెండు దాటాక బయట టప్పున శబ్దమైంది. ఈశాన్యపు మేకు బురదలోంచి ఊడి వచ్చింది. తాడు కొరడాలా దొడ్లో కొట్టుకుంటోంది. చెట్టు ఒక్కసారి గదివైపుకు వాలింది. మిగిలిన తూర్పు తాడు ఒక్కటే దాన్ని పట్టుకుని ఉంది.

చాంద్ బాషా పిల్లను భార్య చేతుల్లో పెట్టి బయటికి పరుగెత్తాడు. చెట్టు కింద నుంచి వెళ్లాలి. వెళ్లాడు. తాడు కొస మొహాన ఒకసారి, మెడ మీద ఒకసారి తగిలింది. మూడోసారి దొరకబుచ్చుకున్నాడు. మేకు మళ్లీ దిగేద్దామంటే బురదలో నిలవదు. తాడు చేతికి చుట్టుకుని వెనక్కి నడుస్తూ పాక గుమ్మం దాకా వచ్చాడు. గాలి విసురుకు కాళ్లు జారుతున్నాయి. ఎంతోసేపు పట్టుకోలేడు.

"మగ్గం గుంజకు కట్టండి" అంది కమరున్నీసా.

"తివాచీ ఉంది. చెట్టు పడితే మగ్గాన్ని లాక్కుపోతుంది."

"ఆ గుంజలు మీరు ఎంత లోతు పాతారు?"

అతను నడుం లోతు పాతాడు. రాళ్లు వేసి, సున్నం కొట్టి, మూడు రోజులు ఎండనిచ్చి పాతాడు. మగ్గం కదిలితే తివాచీ వంకర పోతుందని.

తాడును గుంజకు రెండు చుట్లు చుట్టాడు. ముడి వేస్తూ అలవాటు కొద్దీ బిగించబోయాడు. కమరున్నీసా తన నాలుగు వేళ్లు తాడుకూ గుంజకూ మధ్య పెట్టింది.

"వేళ్లు తియ్యి, నలిగిపోతాయి" అన్నాడు.

"సందు వదలండి, తీస్తాను."

సందు వదిలి ముడి వేశాడు. ఆమె వేళ్లు తీసింది. మొదటి విసురుకే తాడు బిగిసింది. గుంజ గుండా మగ్గం అంతా అదిరింది, పడుగు దారాలు సన్నగా మోగాయి. గుంజ కదలలేదు. అతను దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ప్రతి విసురూ ఆ చెక్కలోంచి అతని చేతిలోకి వస్తోంది. అలా ఎన్ని గంటలు నిలబడ్డాడో అతనికి తెలియదు. రెండింటికి పాక కప్పు ఈశాన్యపు మూల లేచిపోయింది. వాన నేరుగా తివాచీ మీద పడింది. కమరున్నీసా తన దుప్పటీ, పిల్ల దుప్పటీ, చివరికి చాప కూడా దాని మీద కప్పింది. అయినా పై అంచు తడిసి, ఎరుపు తెలుపులోకి కారింది. ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు. అతను చెయ్యి గుంజ మీద నుంచి తీయలేదు.

నాలుగింటికి గాలి తిరిగి దక్షిణం నుంచి పట్టింది. చెట్టు ఒక్కసారి గిరుక్కున తిరిగినట్టయి, మట్టలు అటు నుంచి ఇటు పడ్డాయి. గుంజకు కట్టిన తాడు సడలింది. వెలుగు పోకముందే గాలి నెమ్మదించింది.

చాంద్ బాషా బయటికి వెళ్లి చూశాడు. చెట్టు నిలబడే ఉంది. నాలుగు మట్టలు విరిగి వేలాడుతున్నాయి. మొదలు చుట్టూ పోసిన మట్టి సగం కొట్టుకుపోయింది. గది పెంకులు పదో పన్నెండో లేచిపోయి పక్కవాళ్ల దొడ్లో పడ్డాయి. అవి గాలికి లేచినవే, చెట్టు వాటిని తాకలేదు. అతను మానుని ఒక చేత్తో నెట్టి చూశాడు. కదిలింది, కాని మొదలు కదల్లేదు. ఇంకోసారి నెట్టబోయి ఆగాడు. అక్కడే బురదలో కూర్చుండిపోయాడు. కమరున్నీసా వచ్చి పక్కన నిలబడింది. "లేవండి, జలుబు చేస్తుంది" అంది. తాడు ఒరిసిన అతని మెడ మీద కొంగుతో ఒత్తింది. గొయ్యి సంగతి తెలిసినప్పటి నుంచి ఆమె అతన్ని ముట్టుకోవడం అదే మొదలు.

తివాచీ తీసుకోవలసిన షావుకారు అంచు చూసి వద్దన్నాడు. వాళ్లు దాన్ని గదిలో పరుచుకున్నారు. చాంద్ బాషా కొత్తది మొదలుపెట్టాడు.

గంగరాజు వచ్చి మట్టి మళ్లీ పోయించి, మేకు బదులు ఈశాన్యపు మూల ఒక రాతిని పూడ్పించి తాడు దానికి కట్టించాడు. "ఏడాదిన్నర ఉంచండి. తరవాత ఒకటొకటిగా తీసేయండి" అన్నాడు. ఏడాదిన్నర గడిచింది. మాను ఊగీ ఊగీ తాడు తివాచీ ముక్కలోకి దిగబడసాగింది. అయినా చాంద్ బాషా విప్పలేదు. రేపు విప్పుదాం, ఈ గాలులు తగ్గాక విప్పుదాం అంటూ వాయిదా వేశాడు. కమరున్నీసా తొందర పెట్టలేదు. అతను పడమటి తాడు విప్పింది ముప్పై ఎనిమిది శ్రావణంలో. ఆగ్నేయపు తాడు విప్పడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ రోజు మధ్యాహ్నం అతను అన్నం తినలేదు.

ఆ గాలివాన తరవాత వీధిలో వాళ్లు, వట్లూరు నుంచి గంగరాజు బంధువులు కూడా, ఒరిగిన మొక్కలు నిలబెట్టడానికి అతన్ని పిలవడం మొదలుపెట్టారు. చెడిపోయిన తివాచీ ముక్కలు చంకన పెట్టుకుని వెళ్లేవాడు. కైకలూరు దాకా కూడా ఒకసారి వెళ్లాడు. పని మానేసి వెళ్లినందుకు ఏమైనా తీసుకోమంటే తీసుకునేవాడు కాదు. ప్రతి చెట్టు దగ్గరా అది పడితే ఎంతవరకూ వస్తుందో ముందు దారంతో కొలిచేవాడు. పని అయిపోయాక మళ్లీ కొలిచేవాడు. తమ చెట్టుకు మిగిలిన ఒక్క తాడు మాత్రం అలాగే ఉంది. అది రాతికి కట్టినది, ఈశాన్యపుది.

ముప్పై తొమ్మిది చైత్రంలో చెట్టు మొదటి పూపొత్తి వేసింది. పర్వీన్ చూసి తల్లిని పిలిచింది. తల్లి చూసి, మజ్జిగ చేసుకోవడానికి లోపలికి వెళ్లింది. చాంద్ బాషా మగ్గం దిగి వచ్చి చాలాసేపు తల ఎత్తి చూశాడు. తరవాత వంగి, రాతి దగ్గర ముడి విప్పాడు. ముడి ఎండకూ వానకూ గట్టిపడిపోయి ఉంది. కత్తి తెచ్చుకుని కోయవలసి వచ్చింది. మాను మీద తివాచీ ముక్క విప్పితే దాని కింద లేత రంగు పట్టీ ఒకటి కనిపించింది, తోలు ఎక్కడా చెడలేదు.

కొల్లేటి వైపు నుంచి గాలి వచ్చింది. చెట్టు ఊగింది. అతను రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ ముందుకు వచ్చి, మానుకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. గాలి పోయేదాకా అలాగే ఉన్నాడు. కమరున్నీసా వసారాలోంచి, "ఏవండీ, మజ్జిగ తాగి పనిలోకి వెళ్లండి" అంది. మజ్జిగ తాగి వెళ్లి మగ్గం ముందు కూర్చున్నాడు. ఆ రోజు సాయంత్రానికి నాలుగు వరసలు నేశాడు. చెట్టు చూడడానికి మూడుసార్లే దిగాడు.